పద్నాలుగో గడి

అంతర్జాతీయ అధ్యయనాల జాబితాను పైనుంచి కిందికి మూడుసార్లు, కిందినుంచి పైకి ఒకసారి చదివాను. ఇరవై నంబర్లున్నాయి. వాటిలో నాది లేదు. పక్కనే ఇంకో కాగితం అంటించి ఉంది. వాణిజ్య పరిపాలన అని శీర్షిక. అందులో పదకొండో వరుసలో నా నంబరు హాయిగా కూర్చుని ఉంది, అది తన సొంతిల్లయినట్టు.

ఆ శాఖ కావాలని నేను ఎవర్నీ అడగలేదు. ఆ భవనం మెట్లయినా ఎక్కి ఎరగను. మొదటి ఏడాది అందరికీ ఒకటే చదువు, రెండో ఏడాది నుంచి ఎవరి శాఖ వారిది అని చెప్పిన రోజు నుంచీ నా నోట అంతర్జాతీయ అధ్యయనాలన్న ఒకటే మాట. నాతో చదివేవాళ్ళకి అది వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. అలాంటి నన్ను తీసుకెళ్ళి వాణిజ్యంలో పడేశారంటే కాలేజీ వాళ్ళ కళ్ళు మూసుకుపోయి ఉండాలి. రుసరుసలాడుతూ సలహాదారు గదికి వెళ్ళాను.

మా సలహాదారు మేడమ్‌కి నేనంటే పడదు. మొదటి రోజే నా కాగితాలు చూసి, "మీ నాన్న కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటా? అయితే నీకు ప్రపంచమంతా సరుకు పెట్టెల్లా కనిపిస్తుందేమో" అంది. "పెట్టెలో ఏముందో చూడకుండా మాట్లాడేవాళ్ళకంటే నయమే కదండీ" అన్నాను. అప్పట్నుంచీ మా మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"జాబితాలో తప్పు దొర్లింది మేడమ్" అన్నాను గుమ్మంలోంచే.

ఆవిడ కూర్చోమనలేదు. లేచి, ఇనుప బీరువాలోంచి నా ఫారం తీసి, నాలుగో పేజీ తిప్పి, బల్ల మీద నా వైపు తోసింది. "తప్పు మాది కాదు. పద్నాలుగో గడి చూసుకో."

చూశాను. 'ప్రత్యామ్నాయ శాఖ' అన్న మాట పక్కన గడిలో నల్లసిరాతో 'వాణిజ్య పరిపాలన' అని ఉంది. ఒక్కో అక్షరం విడివిడిగా, నిటారుగా, పరేడ్‌లో నిలబెట్టినట్టు ఉంది. ఆ చేతిరాత నాకు నా చేతిరాతకంటే బాగా తెలుసు. దాన్ని చూస్తూ అక్షరాలు నేర్చుకున్నదాన్ని.

"ఇరవై సీట్లకి ముప్పై ఒక్కమంది అడిగారు" అంది మేడమ్. "ప్రత్యామ్నాయం రాసినవాళ్ళని ముందే తీసి అందులో వేసేస్తాం. ఖాళీగా వదిలినవాళ్ళని మార్కుల వరసలో చూస్తాం. గడి కిందే ఉంది ఆ మాట, చిన్న అక్షరాల్లో. నువ్వు ఖాళీగా వదిలుంటే ఆరో స్థానంలో వచ్చేదానివి."

ఆరో స్థానం. ఆ మాట ఆవిడ చెప్పకపోయినా బాగుండేది.

"ఇది నేను రాయలేదు."

"తెలుస్తూనే ఉంది. మరెవరు?"

ఆవిడ ఫారం కింద తండ్రి సంతకాన్ని, పై గడిని మార్చి మార్చి చూసింది. మొదటిసారి ఆవిడ మొహంలో నా మీద వెక్కిరింత లేదు, దాని బదులు జాలి ఉంది. వెక్కిరింతే నయం అనిపించింది.

"రెండు దార్లున్నాయి" అంది. "గడి నింపినవాళ్ళు ఇక్కడికొచ్చి, నీకు తెలీకుండా రాశామని స్వయంగా రాసివ్వాలి. అదొకటి. లేదా నువ్వు ఫిర్యాదు పెట్టాలి. ఏదైనా సరే, గురువారం నాలుగింటిలోపు. కానీ ఫిర్యాదంటే ఇక్కడితో ఆగదు. సంతకం అయ్యాక కాగితంలో చేర్పు చేసినట్టు లెక్క. మీ నాన్నది లైసెన్సున్న పని కాబట్టి, ఒక కాపీ ఆ లైసెన్సు ఇచ్చిన ఆఫీసుకి వెళ్తుంది. ఆలోచించుకో."

ఆ రోజు మంగళవారం.

ఆ నాలుగు పేజీల ఫారాన్ని నేను మూడు నెలలు నింపాను. నవ్వకండి. మొదటి పేజీలో ఏ ప్రాంతం, రెండో పేజీలో ఏ భాష, మూడో పేజీలో చివరి ఏడాది రాయబోయే పరిశోధన, ఆరు సెమిస్టర్లలో ఏ పాఠం ఏ పాఠం తర్వాత చదవాలి, విదేశంలో గడపాల్సిన సెమిస్టర్ ఎక్కడ, ఎప్పుడు. ఒకటి మారిస్తే మిగతావన్నీ కదులుతాయి. మూడో సెమిస్టర్‌లో భాష మొదలుపెట్టకపోతే అయిదో సెమిస్టర్‌లో అక్కడికి వెళ్ళి నోరు తెరవలేం. నేను సముద్రం లేని దేశాల్ని ఎంచుకున్నాను. చుట్టూ భూమే ఉన్న దేశం, తన సరుకు ఓడ ఎక్కాలంటే పక్క దేశాన్ని ఎలా బతిమాలుకుంటుంది, పక్క దేశం ఎలా ఏడిపిస్తుంది అన్నది నా పరిశోధన. భాష పేరు చెబితే అమ్మ, "అది ఎక్కడ మాట్లాడతారే? నువ్వే పుట్టించావా?" అంది.

నాన్నకి ఇదంతా ఆటగా ఉండేది. "ఏమ్మా రాయబారిగారూ, యుద్ధం ఆపేశారా, ఇంకా నడుస్తోందా?" అనేవాడు భోజనాల దగ్గర. ఇంట్లో ఎవరొచ్చినా, "మా అమ్మాయి ప్రపంచాన్ని ఉద్ధరించే కోర్సు చేస్తుందట" అని పరిచయం చేసేవాడు. నేను పళ్ళు నూరేదాన్ని. అమ్మ, "ఇద్దరూ ఒకే తానులో ముక్కలు" అని తన పని తాను చూసుకునేది.

మా నాన్న ఆఫీసు గురించి చెప్పకపోతే ఈ గొడవ అర్థం కాదు. రేవుకి రెండు వీధుల అవతల, పై అంతస్తులో ఒకటే గది. మూడు బల్లలు, గోడ నిండా అట్ట ఫైళ్ళు, ఎప్పుడూ ఎండని స్టాంపు ప్యాడ్. విదేశాల నుంచి వచ్చే సరుకు, వెళ్ళే సరుకు కస్టమ్స్ గేటు దాటాలంటే ఒక డిక్లరేషన్ కావాలి. దాన్ని మేం నింపుతాం. మేం అంటున్నాను, ఎందుకంటే పన్నెండో ఏట నుంచి సెలవులన్నీ నాకు ఆ గదిలోనే గడిచాయి. ఏ సరుకు ఏ సుంకం వరుస కిందికి వస్తుందో నాన్నకంటే ముందు నేనే చెప్పేదాన్ని. ఒక దేశానికి పోయే పెట్టెల మీద ఎప్పుడూ ఇంకో దేశం ముద్ర ఎందుకుంటుందని అక్కడే మొదటిసారి అడిగాను. "వాళ్ళకి సముద్రం లేదు, పాపం" అన్నాడు నాన్న, తలెత్తకుండా. నా చదువు ఆ మాటతో మొదలైంది. ఆ సంగతి ఆయనకి తెలీదు.

ఆ గదిలో మూడు కట్టుబాట్లున్నాయి. ఖాళీ గడి వదలకూడదు. వదిలితే కస్టమ్స్ కిటికీ అవతలి మనిషి ఆ ఒక్క సాకుతో ఫైలంతా వెనక్కి విసిరేస్తాడు. రాయడానికేమీ లేకపోతే 'వర్తించదు' అని రాయాలి. ఆ ఒక్క మాట నేను వేలసార్లు రాసి ఉంటాను. రెండోది, పార్టీ, అంటే సరుకుగలవాళ్ళు, సంతకం పెట్టాక ఆ కాగితంలో చుక్క కూడా చేర్చకూడదు. మూడోది, ఆఖరి సంతకం ఎవరిదో వాళ్ళే కవరు అంటిస్తారు. అంటించిన కవరు మళ్ళీ ఎవ్వరూ విప్పరు. విప్పితే ముందువాళ్ళని నమ్మనట్టు.

అందుకే నా ఫారం విషయంలో మా ఇంటివాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని తెలివితక్కువ పని చేశాను. నేను పద్నాలుగో గడి తప్ప అన్నీ నింపాను. రాయమని చెయ్యి పీకుతున్నా, గడి కింది చిన్న అక్షరాలు చదివి, కావాలని ఖాళీగా వదిలేశాను. నా జీవితంలో కావాలని ఖాళీగా వదిలిన మొదటి గడి అది. సంతకం పెట్టాను. నాకు పద్దెనిమిది నిండడానికి ఇంకా నాలుగు నెలలున్నాయి కాబట్టి తండ్రి సంతకం కావాలి. ఫారం నాన్న బల్ల మీద పెట్టి, స్టాంపు ప్యాడ్‌లో సిరా పొయ్యడానికి బయట వరండాలోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కవరు అంటించి ఉంది. ఆఖరి సంతకం ఆయనది కదా. ఇంకెవరి కూతురైనా ఒకసారి విప్పి చూసుకునేది. నేను మాత్రం దాన్ని రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్ళి కాలేజీలో ఇచ్చేసి వచ్చాను.

మంగళవారం మధ్యాహ్నం కాలేజీ నుంచి తిన్నగా ఆఫీసుకి వెళ్ళాను. నాన్న ఒక్కడే ఉన్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఏదో లోడు కాగితాలు సరిచూస్తున్నాడు.

"పద్నాలుగో గడిలో ఏం రాశావు నాన్నా?"

తలెత్తలేదు. అప్పుడే అర్థమైంది నాకు. ఏ గడి అని అడగలేదు, ఏ ఫారం అని అడగలేదు.

"ఖాళీగా ఉంటే నింపాను" అన్నాడు. "మర్చిపోయావేమో అనుకున్నాను."

"మర్చిపోతే పిలిచి అడగాలి. నేను బయట వరండాలోనే ఉన్నానుగా."

"అలవాటు. చెయ్యి దానంతటదే పోయింది. ఇరవై ఏడేళ్ళ అలవాటు, ఏం చెయ్యమంటావు? కిటికీలోంచి వెనక్కొస్తుందేమోనని భయం. పోనీలే, వాణిజ్యం చెడ్డదా ఏం? మన పనికి దగ్గర చదువు."

ఒక్క క్షణం నమ్మాను. నమ్మాలనిపించింది. చెయ్యి దానంతటదే పోవడమంటే ఏమిటో నాకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు? గోడ మీద ఫైళ్ళ వైపు చూశాను. వాటిలో ఎన్ని గడుల్లో ఆయన చెయ్యి దానంతటదే పోయి ఉంటుందో కదా అనుకున్నాను. అంతే, ఒళ్ళు మండిపోయింది.

"అలవాటైతే 'వర్తించదు' అని రాసేవాడివి."

నాన్న చేతిలో కలం ఆగింది.

"ఖాళీ గడి కనిపిస్తే నీ చెయ్యి రాసేది ఆ ఒక్క మాటే. ఇరవై ఏడేళ్ళుగా అదే. 'వర్తించదు' అని రాసుంటే నాకు సీటొచ్చేది. నువ్వు 'వాణిజ్య పరిపాలన' అని రాశావు. అంటే గడి కింద చిన్న అక్షరాలు చదివావు. ఏం రాస్తే నన్ను పక్కకి తోస్తారో చూసి మరీ రాశావు."

"గొంతు తగ్గించు. కింద మనుషులున్నారు."

"విననీ."

ఆయన కళ్ళజోడు దించుకున్నాడు. దాక్కోవడం ఇక కుదరదని తెలిసినప్పుడు మా నాన్న మొహం ప్రశాంతంగా అయిపోతుంది. నాకు ఆ మొహమంటే చిన్నప్పట్నుంచీ భయం. ఆ రోజు భయం వెయ్యలేదు, అసహ్యం వేసింది.

"అవును, రాశాను" అన్నాడు. "తెలిసే రాశాను. ఎందుకో చెప్పనా? ఆ కిటికీ వెనక కూర్చునేవాళ్ళు ఎవరనుకున్నావ్? నువ్వు చదువుతానంటున్న చదువు చదివినవాళ్ళే. అంతర్జాతీయం! జన్మలో ఒక పెట్టె మేకు ఊడదీసి చూసుండరు. నా వయసులో సగం ఉండదు ఒక్కొక్కడికి. ఎండలో నిలబెడతాడు, పేరు పెట్టి పిలుస్తాడు, 'కాగితాలు సరిగ్గా లేవు, రేపు రా' అంటాడు. ఇరవై ఏడేళ్ళు పడ్డాను. అవన్నీ అన్నది ఎవరి కూతుళ్ళో, ఎవరి కొడుకులో కాబట్టి పడ్డాను. నా కూతురు అటువైపు కూర్చుని నన్ను ఆ చూపు చూస్తే పడలేను."

"నేనెందుకు చూస్తాను?"

"చూస్తావు. ఇప్పుడే చూస్తున్నావు."

అది నిజమే. చూస్తున్నాను. కానీ ఆ చూపు ఏ కాలేజీలో నేర్చుకున్నది కాదు, ఆ గదిలో ఆ నిమిషంలో ఆయన నేర్పిందే. ఆ మాట అన్నాను కూడా. తర్వాత నోటికి వచ్చింది అన్నాను. "కాగితాలు సరిగ్గా లేకపోతే నేనైనా రేపు రమ్మనే అంటాను. నీకు ఎండలో నిలబడ్డం బాధ కాదు, లోపల కుర్చీ లేకపోవడం బాధ. ఆ కుర్చీ నాకొస్తుందేమోనని కుళ్ళు" అన్నాను.

కూతురు తండ్రిని అనకూడని మాట అది. తిరిగి తీసుకోలేదు. ఇప్పుడూ తీసుకోను.

"అయితే ఏం చేస్తావ్?" అన్నాడు.

కాలేజీలో చెప్పిన రెండు దార్లూ చెప్పాను. ఆయన వచ్చి రెండు లైన్లు రాసిస్తే చాలు, ఇంకెక్కడికీ పోదు అన్నాను.

"రాయను."

"ఎందుకు?"

"నా చేత్తో, నేను తప్పు చేశానని రాసిన కాగితం ఈ లోకంలో ఒక్కటి లేదు. ఉండబోదు."

అప్పుడు బాబాయి పేరెత్తాను. మా ఇంట్లో అయిదేళ్ళుగా ఎవరూ ఎత్తని పేరు. బాబాయి మూడో బల్ల దగ్గర కూర్చునేవాడు. ఒకసారి పార్టీ సంతకం పెట్టి వెళ్ళిపోయాక, బరువు గడిలో వదిలేసిన ఒక్క అంకె తనే వేశాడు. సరైన అంకే వేశాడు. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. నాన్న ఆ సాయంత్రమే ఆయన చేత ఆఫీసు తాళంచెవి బల్ల మీద పెట్టించి పంపించేశాడు. సొంత తమ్ముణ్ణి. ఇప్పుడు బాబాయి ఎవరిదో గోడౌన్‌లో లోడు లెక్కపెడుతున్నాడు. అన్నదమ్ములకి మాటల్లేవు.

"బాబాయి మంచికి చేర్చాడు. నువ్వు చెడ్డకి చేర్చావు. ఆయన్ని పంపించేశావుగా. నిన్నెవరు పంపించాలి?"

నాన్న లేచి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. ఎప్పుడూ కొట్టలేదు, ఆ రోజూ కొట్టలేదు. "పో" అన్నాడు, అంతే. దారిలో ఒక గోడకి ఆనుకుని కాసేపు నిలబడి ఇంటికి వెళ్ళాను.

ఇంట్లో అమ్మ ఎవరి పక్షమూ తీసుకోలేదు. ఆరేసిన బట్టలు మడతపెడుతూ అంతా విని, "ఆయన రాయడు. నువ్వు వదలవు. నేను మధ్యలో నలిగి చస్తాను" అంది. "నువ్వు చెప్పి చూడొచ్చు కదా" అన్నాను. "మీ బాబాయి విషయంలో చెప్పాను. ఏమైంది?" అంది. ఒక చొక్కా మడతపెట్టిందే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

బుధవారం పొద్దున ఫిర్యాదు రాశాను. తెల్లకాగితం మీద, ఎలాంటి కాగితమైనా ఎలా రాయాలో ఆయన నేర్పినట్టే రాశాను. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారు. రాసినంతసేపూ కసిగానే ఉంది. కానీ చివరికొచ్చేసరికి చెయ్యి మెత్తబడింది. 'ఇది మా తండ్రి పొరపాటున చేసింది కావచ్చు' అని ఒక వాక్యం కలిపాను. ఆ ఒక్క వాక్యం ఉంటే లైసెన్సు ఆఫీసు వాళ్ళు ఒక మందలింపుతో వదిలేస్తారేమో అనిపించింది. ఆయన మీద జాలి కాదు అని నాకు నేనే చెప్పుకున్నాను.

దాన్ని తీసుకెళ్ళి ఆఫీసులో ఆయన బల్ల మీద పెట్టాను. పక్కన ఇంకో తెల్లకాగితం పెట్టాను. "ఏదో ఒకటి నడుస్తుంది. రెండు లైన్లు రాస్తే ఇది చించేస్తాను" అన్నాను. బెదిరింపే. కాదనను.

నాన్న తెల్లకాగితాన్ని పక్కకి జరిపాడు. కళ్ళజోడు పెట్టుకుని ఫిర్యాదు చదవడం మొదలుపెట్టాడు. పార్టీ తెచ్చిన కాగితం చదివినట్టే, వాక్యం కింద వాక్యం, కలం మూత అక్షరాల కింద జరుపుతూ. చదివేటప్పుడు ఆ మొహంలో తండ్రి లేడు, ఏజెంటు ఉన్నాడు.

"తేదీ వెయ్యలేదు" అన్నాడు. "తేదీ లేకపోతే తీసుకోరు."

నేను కాగితం మీదికి వంగి చూశాను.

"పేజీ నంబరు రాశావు, గడి నంబరు రాయలేదు. రాయి. తర్వాత..." కలం మూత చివరి వాక్యం దగ్గర ఆగింది. "ఇది తీసెయ్."

"ఏది?"

"పొరపాటు అన్నది. ఇదుంటే నీ ఫిర్యాదు నిలవదు. పొరపాటైతే ఎంట్రీ చెల్లుతుంది, మనిషిని మందలించి వదిలేస్తారు. నీకు సీటు రాదు. 'తెలిసి, ఉద్దేశపూర్వకంగా' అని రాయి."

"అలా రాస్తే నీ లైసెన్సు..."

"నాకు తెలీదనుకున్నావా?"

"మరైతే ఆ రెండు లైన్లూ నువ్వే రాయొచ్చు కదా!" అని అరిచాను. "ఇంత తెలిసినవాడివి, నా కాగితం దిద్దుతున్నవాడివి, ఒక్క మాట నీ చేత్తో నువ్వు రాయలేవా?"

"రాయలేను" అన్నాడు. "నువ్వు రాయి."

కాగితం నా వైపు తోసి మళ్ళీ లోడు కాగితాల్లోకి తల దూర్చాడు. నా మీద ప్రేమతో దిద్దాడో, తప్పు కాగితాన్ని చూడలేక దిద్దాడో నాకు తెలీదు. ఆయనకీ తెలిసి ఉండదు. నేను అక్కడే, బాబాయి బల్ల దగ్గర కూర్చుని, కొత్త కాగితం మీద మొత్తం తిరగరాశాను. తేదీ వేశాను. గడి నంబరు వేశాను. 'తెలిసి, ఉద్దేశపూర్వకంగా' అని రాసేటప్పుడు చెయ్యి మెత్తబడలేదు. ఆయన కవరు ఇవ్వబోయాడు. వద్దన్నాను.

గురువారం మధ్యాహ్నం నేను బయల్దేరుతుంటే ఆయనా బయల్దేరాడు. నేను పిలవలేదు. కస్టమ్స్ హౌస్‌కి వెళ్ళేటప్పుడు వేసుకునే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఒకే బస్సులో వెళ్ళాం. ఆయన ముందు సీట్లో, నేను వెనక. దారి పొడుగునా ఆయన మెడ వెనక భాగమే చూస్తూ కూర్చున్నాను. వస్తున్నాడంటే రాసిస్తాడేమో అని నాలో ఒక వెర్రి ఆశ. కాలేజీ గేటు దాటేదాకా అది చావలేదు.

మేడమ్ ఆయన్ని కూర్చోమంది. ఆయన నిలబడే ఉన్నాడు. బల్లకి ఇటువైపు నిలబడ్డమే ఆయనకి అలవాటు.

"చూడండీ" అంది మేడమ్, నాతో ఎప్పుడూ మాట్లాడనంత మెత్తగా. "పిల్ల భవిష్యత్తు. రెండు లైన్లు రాసివ్వండి, ఫిర్యాదు నేను తీసుకోను. మీకు ఇబ్బందైతే, 'అమ్మాయికి తెలియకుండా రాశాను' అన్న ఒక్క ముక్క చాలు. తప్పు అన్న మాట కూడా అక్కర్లేదు."

తెల్లకాగితం, పెన్ను ఆయన ముందు పెట్టింది. ఇంతకంటే మెట్టు దిగి ఎవరూ అడగలేరు. ఆ ఒక్క క్షణం నాకు మేడమ్ మీద ఉన్న కోపమంతా పోయింది.

నాన్న పెన్ను తీసుకోలేదు. "నోటితో చెప్తాను" అన్నాడు. "ఆ అమ్మాయి సంతకం పెట్టాక నేను రాశాను. చెప్పకుండా రాశాను. కావాలని రాశాను. ఫిర్యాదులో ఉన్నదంతా నిజం."

"నోటిమాట పనికిరాదండీ. రాతపూర్వకంగా కావాలి."

"ఆ అమ్మాయి రాసిందిగా. అది సరిగ్గానే ఉంది. తీసుకోండి."

ఆ అమ్మాయి అంటున్నాడు. నేను పక్కనే, మోచెయ్యి తగిలేంత దూరంలో ఉన్నాను.

మేడమ్ నా వైపు తిరిగింది. "స్టాంపు వేస్తే కాపీ ఈరోజే వెళ్తుంది. తర్వాత వెనక్కి తీసుకోవడం ఉండదు. నీ ఇష్టం."

గోడ గడియారంలో నాలుగుకి ఇరవై నిమిషాలుంది. నాన్న వైపు చూశాను. 'రాస్తాను' అంటే చాలు. అదీ వద్దు, పెన్ను వైపు చెయ్యి చాపినా చాలు, ఫిర్యాదు అక్కడే నాలుగు ముక్కలు చేసేదాన్ని. ఆయన కిటికీ బయట ఎవరో సైకిలు తాళం తీస్తుంటే అది చూస్తున్నాడు. తన మొండితనం తను వదలడు, ఆ ముడి నా చేత తెగ్గొట్టించాలి. ఆ భారం కూడా నా నెత్తినే. నాకు ఆయన మీద అంత కోపం అంతకు ముందు రాలేదు, ఆ గడి చూసినప్పుడు కూడా.

"వెయ్యండి మేడమ్" అన్నాను.

స్టాంపు పడింది. మేడమ్ నా పాత ఫారంలో పద్నాలుగో గడి మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి, సోమవారం కొత్త జాబితా వేస్తారని చెప్పింది. మార్కుల వరస ప్రకారం ఆరో పేరు నాదే అంది. నేను థాంక్స్ చెప్పాను.

వరండాలో నాన్న ముందు నడుస్తున్నాడు. మెట్ల దగ్గర ఆగాడు. రేపట్నుంచి ఆఫీసుకి రావద్దంటాడనుకున్నాను. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. రమ్మన్నా రాను అని.

"ఇంతకీ ఏ ప్రాంతం తీసుకున్నావ్?" అన్నాడు.

వెక్కిరింతగా కాదు. రాయబారిగారూ అనలేదు. మామూలుగా, తెలుసుకోవాలని అడిగాడు. మూడు నెలల్లో మొదటిసారి.

నేను ఆయన మొహంలోకి చూశాను. "మొదటి పేజీలో ఉంది కదా. మూడో పేజీలో పరిశోధన గురించి పేజీ నిండా రాశాను. చదవలేదా?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"ఒక్క అక్షరం చదవకుండా సంతకం పెట్టని మనిషివి నువ్వు. పెట్టె మేకుల లెక్క కూడా చదువుతావు. నా నాలుగు పేజీల్లో ఏం చదివావు నాన్నా?"

"ఖాళీ గడి చూశాను" అన్నాడు. "అదొక్కటే చూశాను."

ఆ మూడు రోజుల్లో నేను ఏడవలేదు. ఆఫీసులో ఏడవలేదు, స్టాంపు పడ్డప్పుడు ఏడవలేదు. అప్పుడు వచ్చింది ఏడుపు, ఆపుకోలేనంత. ఆయన చెయ్యి చాపాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆ నాలుగు పేజీల్లో ఏముందో చెప్పమని ఇంకోసారి అడిగాడు. చెప్పలేదు.